మామగారి మడమ, ముగ్గురి మొహమాటం

మా పెయింట్ల కొట్లో పై అర మీది డబ్బా అందుకోబోయి మామగారు నిచ్చెన మీంచి జారారు. బరువంతా కుడి మడమ మీద పడి ఎముక నుజ్జయింది. కోసి, ప్లేటు పెట్టి, మరలు బిగించారు.

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "మడమ దగ్గర కండ తక్కువ. గాయం మానాలంటే రక్తం బాగా అందాలి. సిగరెట్ కాలిస్తే అందదు. గాయం విచ్చుకుని చీము ప్లేటుదాకా వెళ్లిందంటే మళ్లీ కోయాల్సిందే. షుగరుంటే ఇంకా ముప్పు. మీ అదృష్టం, ఈయనకి అది లేదు. ఉన్నదల్లా సిగరెట్టే."

వ్యాపారంలో మన చేతిలో లేని నష్టాలే ఎక్కువ. ఇది చేతిలో ఉన్న నష్టం. ఇంటికి రాగానే సిగరెట్ పెట్టె తీసి చెత్తలో పారేశాను. మామగారు వెంటనే తలూపారు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. బేరమాడకుండా తలూపినవాడు కొననే కొనడు.

తర్వాత కట్టు మార్చడానికి వెళ్తే, గాయం ఒక అంచు ఇంకా చెమ్మగానే ఉంది.

"వచ్చేసారికి ఆరకపోతే మళ్లీ ఆపరేషనే," అంది డాక్టరమ్మ. "సిగరెట్లు ఎవరిస్తున్నారు?"

మామగారు ఫ్యాను కేసి చూశారు.

"రోజుకొక్కటేనండీ," అన్నాం నేనూ, మా ఆవిడా, అత్తగారూ, ముగ్గురం ఒకేసారి.

"నువ్వూనా అమ్మా!" అంది మా ఆవిడ.

"నీకొక్కదానికే చెప్తున్నా, పిల్లలకి తెలియనివ్వకు అన్నారే మీ నాన్న!"

"నాకూ అదే చెప్పాడు! అమ్మకి తెలియనివ్వకన్నాడు."

నాతోనూ "నీకొక్కడికే" అన్నారు. ఆ మాట నాది. "ఈ రేటు మీకొక్కరికే, బయట చెప్పకండి" అని కొట్టుకొచ్చిన ప్రతివాడితోనూ అంటాను. మామగారు రోజూ కొట్లో నా పక్కన కూర్చుని నేర్చుకున్నది అదన్నమాట. నా సరుకు నాకే అంటగట్టారు.

"ప్రేమకొద్దీ ఇచ్చారు, పాపం. వాళ్లనేం అనకండి," అన్నారు మామగారు డాక్టరమ్మతో.

"ఇకమీదట ప్రేమకొద్దీ తిడతాను, కాస్త ఓర్చుకోండి," అంది అత్తగారు.

చక్రాల కుర్చీ తోసుకుంటూ బయటికొస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "అల్లుడూ, నీకొక్కడికే చెప్తున్నా. మళ్లీ కోస్తారంటే భయంగా ఉందయ్యా."

ఇంటికొచ్చాక కడుపులో దాచుకోలేక మా ఆవిడతో అన్నాను. తనతో అప్పటికే చెప్పారట. అత్తగారితోనూ. ఈసారి ఎవరికీ కోపం రాలేదు. అన్నం తిన్నాక ఆయన చెయ్యి జేబు తడుముకునే వేళకి ఎవరో ఒకరం పక్కన చేరి ఆ చెయ్యి పట్టుకుని కూర్చునేవాళ్లం. ఆయన విసుక్కునేవారు. చెయ్యి మాత్రం లాక్కునేవారు కాదు.

మళ్లీ వెళ్లేసరికి గాయం పొడిగా ఆరింది. "కోత అక్కర్లేదు," అంది డాక్టరమ్మ.

మామగారు ఆవిడ వైపు వంగి, గొంతు తగ్గించారు. "అమ్మా, మీకొక్కరికే చెప్తున్నా..."

ముగ్గురం ఒకేసారి లేచాం.