పన్నెండేళ్ళు ఎక్కువ

ఎనిమిదో గది తాళం ఎప్పుడూ మొండికేస్తుంది. ముసలి వార్డరు తాళంచెవిని సగందాకా పోనిచ్చి, వెంట్రుకవాసి వెనక్కి లాగి, అప్పుడు తిప్పాడు. తలుపు కిర్రుమంది. తొమ్మిది, పది, పదకొండు. వరండా పొడుగునా ఇరవై నాలుగు గదులు. తొమ్మిదిన్నరకు జనం వచ్చేలోగా అన్నీ తెరవాలి. సాయంత్రం ఐదింటికి అన్నీ మూయాలి. జైలు మూతపడి మ్యూజియం అయ్యాక ఆయనకు మిగిలిన పని అదే. పింఛను తీసుకుంటూ ఇంట్లో కూర్చోలేక తానే అడిగి చేరాడు.

అరవై ఏడేళ్ళు. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. తాళాలగుత్తి మోసి మోసి కుడి భుజం ఎడమదానికంటే అంగుళం దిగింది. నడుస్తుంటే ఎవరినో పక్కకు తోసుకుపోతున్నట్టే ఉంటుంది. యూనిఫారం విప్పి ఏడేళ్ళయినా మీసం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"నమస్కారం సార్," అంటూ మాస్టారు వచ్చాడు.

మాస్టారు బడిపంతులేం కాదు. ఇదే వరండాలో, పదకొండో గదిలో పంతొమ్మిదేళ్ళు శిక్ష అనుభవించిన ఖైదీ. లోపలికి వచ్చాకే అక్షరాలు దిద్దాడు. తోటివాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టి ఆ పేరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు జైలంతా తిప్పి చూపించే గైడు. డెబ్బై దాటాయి. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, మెడలో గుర్తింపు కార్డుతో ఉంటాడు. అతని కార్డులో ఫొటో రంగుల్లో ఉంది. వార్డరు కార్డులోది పాత నలుపు తెలుపు. ఆ తేడా ఎందుకని వార్డరు ఆఫీసులో రెండుసార్లు అడిగాడు.

"ఇవాళ ఆయాసంగా ఉంది సార్."

"అయితే ఇంటికెళ్ళి పడుకో. జనానికి నేను చెప్తాలే."

మాస్టారు నవ్వాడు. ఆ నవ్వుకు వార్డరు ఒళ్ళు మండింది.

నిజానికి వార్డరు ఒకసారి చెప్పి చూశాడు. మాస్టారు జ్వరంతో రాని రోజున ఇరవైమందిని వెంటేసుకుని, ఏ తప్పుకు ఏ రూలు, ఏ రూలుకు ఎన్ని రోజుల ఒంటరి గది, నంబర్లతో సహా అప్పజెప్పాడు. మూడో గది దగ్గరకొచ్చేసరికి పన్నెండుమంది మిగిలారు. "మీరు ఖైదీలను కొట్టేవారా?" అని ఒకమ్మాయి అడిగింది. "రూల్లో ఉన్నంతవరకే," అన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.

మాస్టారు చెప్తే అలా కాదు. మొదటి హాల్లోనే నిలబడి, "నేను మనిషిని చంపాను. సొంత తమ్ముణ్ణి. గట్టు తగువులో పారతో కొట్టాను," అంటాడు. అక్కడితో అందరి కాళ్ళూ నేలకు అతుక్కుపోతాయి. ఆ తర్వాత బొండకొయ్య చూపిస్తాడు. దొంగల కాళ్ళు అందులో బిగించి, నడివీధిలో జనం చూసి నవ్వేలా కూర్చోబెట్టేవారట. తర్వాత కొరడా. తర్వాత కాళ్ళతో తొక్కి తిప్పే పెద్ద చక్రం. దాంతో పిండీ ఆడదు, నీళ్ళూ రావు, ఊరికే తొక్కించడమే శిక్ష. ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడనివ్వకపోతే మనిషి బాగుపడతాడని ఎవరో పెద్దవాళ్ళకు తోచిందట. ఈ ఇరవై నాలుగు గదులూ అందుకే కట్టారు. "ఒంటిని హింసపెట్టడం మానేసి మనసు మీద పడ్డారు," అంటాడు మాస్టారు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంటారు.

వీడికెలా తెలుసు ఇదంతా, అనుకుంటాడు వార్డరు. పుస్తకాలు చదివాడు. ఆ పుస్తకాలు మాత్రం ఎక్కడివి? తన కళ్ళముందే జైల్లో లైబ్రరీ పెట్టారు. తాను చేరిన ఏడాది ఇంకా కొరడా దెబ్బలు ఉండేవి. ఒకడి మణికట్లు తానే పట్టుకున్నాడు. తర్వాత అది ఎత్తేశారు. బడి వచ్చింది, రేడియో వచ్చింది, వడ్రంగం నేర్పే షెడ్డు వచ్చింది. ఖైదీల బ్యారక్‌లో ఫ్యాను తిరిగిన రెండేళ్ళకు గానీ వార్డర్ల గదికి ఫ్యాను రాలేదు. చివరికి, వాళ్ళ కష్టం వినడానికి ఒక మేడమ్‌ను కూడా వేశారు. వార్డర్ల కష్టం వినడానికి ఎవర్ని వేశారు?

"నువ్వు లోపలున్నది పంతొమ్మిది. నేనున్నది ముప్పై ఒకటి. నీకంటే పన్నెండేళ్ళు ఎక్కువ," అన్నాడొకసారి మాస్టారుతో. "నీకు మంచి నడవడి అని ఏడాదిన్నర తగ్గించారు. నాకెవడు తగ్గించాడయ్యా?"

"నిజమే సార్," అన్నాడు మాస్టారు. ఎదురు చెప్పినా బాగుండేది.

పేపరువాళ్ళు వచ్చినప్పుడూ అంతే. అరపేజీ మాస్టారు మీదే రాశారు. ఫొటోలో మాస్టారు పక్కన తాళాలగుత్తి పట్టుకున్న చెయ్యొకటి, మోచేతి వరకు పడింది. ఆ చెయ్యి తనదేనని వార్డరు భార్యకు చూపిస్తే, "ఈయనేనా మాస్టారు? ఎంత ప్రశాంతంగా ఉన్నారో!" అంది.

ఆ భార్యే ఇవాళ పదకొండింటికి వీధిలోని ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన కొలువు చేసిన ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారీ ఈ గేటు దాటలేదు. వార్డరు పొద్దున్నే మీసం కత్తిరించుకున్నాడు. గేటు దగ్గర ఎదురెళ్ళి, "రండి, నేను చూపిస్తాను," అన్నాడు.

"మీకు తాళాల పనుంటుంది కదండీ. మాస్టారుగారు చెప్తారటగా," అంది ఆవిడ.

వార్డరు వెనకాల నడిచాడు. చక్రం దగ్గర ఆవిడ నిట్టూర్చింది. ఒంటరి గదుల దగ్గర కళ్ళు తుడుచుకుంది. తనకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా ఆవిడ కళ్ళు ఇంత తడవలేదని ఆయనకు గుర్తొచ్చింది. పదకొండో గది ముందు ఆవిడ ఉన్నట్టుండి అడిగింది.

"మా ఆయన అప్పుడెలా ఉండేవారండీ? ఇంట్లో ఒక్క ముక్క చెప్పేవారు కాదు."

వార్డరు తాళాలగుత్తిని రెండో చేతికి మార్చుకున్నాడు. మాస్టారు ఒక్క క్షణం ఆయనవైపు చూశాడు.

"మా అమ్మ పోయిందని ఉత్తరం వచ్చిందమ్మా. ఆ రాత్రి సార్ డ్యూటీ. ఒక్క మాటా మాట్లాడలేదు. కానీ ఈ గది ముందు నుంచి కదల్లేదు. తెల్లారేదాకా ఆ బూట్ల చప్పుడు ఇక్కడిక్కడే తిరిగింది. మనిషి తోడున్నాడనిపించింది. అది లేకపోతే నేనేం చేసుకునేవాణ్ణో."

ఆడవాళ్ళందరూ వెనక్కి తిరిగి వార్డరును చూశారు. భార్య చూసిన చూపు పెళ్ళయిన కొత్తల్లో ఒకటి రెండుసార్లు చూసిందే. ఆయన తల దించుకున్నాడు. వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు.

ఆ రాత్రి ఆయనకూ గుర్తుంది. ఉరేసుకుంటాడేమో, కనిపెట్టి ఉండమని పైనుంచి ఆర్డరు. ఖైదీ చస్తే తన ఉద్యోగం ఊడుతుంది. కాళ్ళు పీకుతుంటే వాణ్ణీ, వాళ్ళమ్మనూ కూడా తిట్టుకుంటూ తిరిగాడు. ఆ మాట ఎవరికీ తెలియదు. మాస్టారు కథలో మాత్రం ఎవరో మంచి వార్డరు నడుస్తున్నాడు. తన భార్య చూసింది ఆ వార్డరునే. వాడి మీద కూడా ఆయనకు కడుపు మండింది.

వెళ్ళేముందు భార్య దగ్గరకొచ్చి, చొక్కా మీద దుమ్ము దులిపి, "త్వరగా వచ్చెయ్యండి," అంది. ఆ మాటకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

మూడింటికి జనం పలచబడ్డారు.

"కాసేపు నడుం వాలుస్తాను సార్," అన్నాడు మాస్టారు.

"వాల్చు. ఎవరొద్దన్నారు?"

ఆ తర్వాత రెండు గంటలూ వార్డరు గేటు దగ్గర కూర్చుని లోలోపల మాటలు పేర్చుకున్నాడు. అదంతా రూలయ్యా, చావకుండా చూడమన్నారు, చూశాను. తోడూ లేదు, గీడూ లేదు. ఇంకోసారి మా ఇంటిదాని ముందు కథలు చెప్పకు. ఇవాళే చెప్పెయ్యాలి.

ఐదింటికి తాళాలు వేస్తూ పదకొండో గదికి వచ్చాడు. మాస్టారు లోపల గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. తల పక్కకు వాలింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. "ఏమయ్యా," అని పిలిచాడు. భుజం మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది.

ఆయనకు మొట్టమొదట తోచిన మాట, ఇది కూడా వీడికే దక్కిందని. రేపు పేపర్లో పేజీ అంతా వీడే ఉంటాడు. ఆ వెంటనే ఒళ్ళంతా సిగ్గుతో కుంచించుకుపోయింది.

మ్యూజియం చూసుకునే మేడమ్‌కు ఫోన్ చేసి, కబురు చెప్పి, మాస్టారు పక్కనే నేల మీద కూర్చున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ గదిలోనూ ఆయన కూర్చోలేదు. ఇక్కడినుంచి చూస్తే వరండా ఎదుటి గోడ మీద ఎండచార మాత్రమే కనిపిస్తుంది. మనిషి కంటే ముందు మనిషి నీడ వస్తుంది.

"అది... రూలయ్యా," అన్నాడు పైకే. మిగతా మాటలు ఎంత వెతికినా దొరకలేదు. జారిన కళ్ళజోడు తీసి, మడిచి, మాస్టారు జేబులో పెట్టాడు. ఎదుటి గోడ మీద మేడమ్ నీడ పడింది. ఆమె వెనకే స్ట్రెచర్ వచ్చింది.

వాళ్ళు తీసుకుపోయాక, వరండాలో అడుగుల చప్పుడు అణిగాక, వార్డరు తలుపు మూయబోయి ఆగిపోయాడు. గడప బయట, ఇంట్లోకి వెళ్ళేముందు ఎవరైనా విడిచినట్టే, రెండు తోలు చెప్పులు పక్కపక్కన ఉన్నాయి. ఎడమదాని పట్టీని నీలం దారంతో కుట్టుకున్నట్టుంది, కుట్టు ఇంకా కొత్తగానే ఉంది.