బిషప్పు నడుం వాల్చిన మంచం

ఒకప్పుడు స్పెయిన్ దొరలు ఏలిన విగాన్ ఊళ్ళో, రాళ్ళు పరిచిన వీధిలో ఎదురెదురుగా రెండు పాత ఇళ్ళు. రుఫీనా ఇంటి గోడకు తొమ్మిదేళ్ళుగా ఇత్తడి ఫలకం ఉంది: స్పెయిన్ సేనాధిపతి ఒకడు ఆ ఇంట్లో బస చేశాడట. బసీలియా ఇంటి గోడకు పావురాల రెట్ట ఉంది. పొద్దున్నే కిటికీ తెరిస్తే ఆ ఫలకం తళతళ చూసి ఆమెకు ఒళ్ళు మండేది. డెబ్బై రెండేళ్ళొచ్చాయి. పోయేలోగా తన గోడకూ ఒకటి పడాలి, అదొక్కటే కోరిక.

అందుకే పాత ఇళ్ళను పరిశీలించడానికి స్పెయిన్ నుంచి ఎలాడియో దొర వచ్చాడని తెలిసి, సాసేజులు వేయించి మరీ లోపలికి లాక్కొచ్చింది. దుబాసీ ఆ సాసేజుల దగ్గరే వంటింట్లో కూలబడ్డాడు. అతనితో పనేముందిలే అనుకుంది బసీలియా. ఇంట్లో కుర్చీకీ చెంచాకీ తాము వాడేది దొరల భాష మాటలేగా!

దొర పడగ్గదిలో నాలుగు స్తంభాల మంచం దగ్గర ఆగి, దీని మీద ఎవరైనా గొప్పవాళ్ళు పడుకున్నారా అని సైగ చేశాడు.

"బిషప్పు!" అంది బసీలియా.

ముత్తాత కాలంలో ఒక బిషప్పు విందుకొచ్చి, పీకల దాకా మెక్కి, నడుం వాల్చాడని ఇంట్లో ఒక కథ ఉంది. వాల్చింది మంచం మీదో, మెట్ల మీదో ఎవరు చూడొచ్చారు?

"సెగూరో?" అన్నాడు దొర.

"సిగూరో," అంది నిజాయితీగా.

దొర భాషలో ఆ మాటకు 'ఖాయం' అని అర్థం. మూడొందల ఏళ్ళు దొరలు ఖాయమన్నవేవీ జరగకపోవడం చూసీ చూసీ, ఈ ఊరివాళ్ళు దాన్ని 'ఏమో, అయ్యుండొచ్చు' చేసేశారు. దొర మాత్రం 'ఖాయం' అనే రాసుకుపోయాడు.

నెల తిరక్కుండా ఫలకం వచ్చింది. దాంతోపాటే ఒక అధికారి వచ్చి మంచం చుట్టూ ఎర్రతాడు కట్టాడు. ఎవరూ ఎక్కకూడదట.

"నేను కూడానా?"

"బిషప్పు గారు పడుకున్న మంచం కదమ్మా!"

"ఆయన పడుకుంది ఒక్క పూటయ్యా! నా ఫెర్మిన్ నలభై ఏళ్ళు పడుకున్నాడు!"

పోయిన ఆమె మొగుడు ఫెర్మిన్‌కు ఫలకం లేదు. మంచానికి ఎడమవైపు, పేము అల్లికలో, అతను పడుకున్న చోట పడ్డ గుంట మాత్రం ఉంది. దానిలో చెయ్యి పెట్టుకుంటే తప్ప మధ్యాహ్నం ఆమెకు కునుకు పట్టదు. ఎనిమిది మధ్యాహ్నాలు చాప మీద దొర్లింది. ఆ దిక్కుమాలిన ఫలకం ఎందుకు కోరుకున్నానా అని ఏడ్చింది.

తొమ్మిదో రోజు రుఫీనా వచ్చింది.

"ఏమే, నేల మీదున్నావు? బిషప్పు గారు పక్కకు జరగనన్నారా?"

"నవ్వు, నవ్వు. నీ నోటికేం!"

రుఫీనా చాప మీద చతికిలబడింది. "మా మంచానికీ తాడు కట్టారుగా, నేను తొమ్మిదేళ్ళుగా వంటింటి బల్ల మీద పడుకుంటున్నానే. అప్పుడు మా ఇంటిని పరిశీలించడానికొచ్చిన దొర కూడా సెగూరో అనే అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నువ్వన్నదే!"

ఇద్దరూ దగ్గొచ్చేదాకా నవ్వారు. రుఫీనా కళ్ళు తుడుచుకుని మంచం వంక ఆశగా చూసింది.

"ఎక్కితే పాపమంటావా?"

"సిగూరో," అంటూ బసీలియా తాడు పైకెత్తింది. "కుడిపక్కన పడుకో. ఎడమపక్క మనిషున్నాడు."