మూడో తరగతి అడవి

అట్టపెట్టెలు కత్తిరించి చెట్లు చేయడం ఆ ఇంట్లో అంట్లు తోమాక మొదలయ్యే పని. ఆ వరుస మారదు. వంట, వడ్డన, గిన్నెలు, అత్తగారి మాత్రలు, భర్త చొక్కా ఇస్త్రీ, ఆ పైన ఓపిక మిగిలితే ఆమె టీచరు. నేల మీద కూర్చుని ఆకుపచ్చ కాగితాన్ని ఆకులుగా కత్తిరిస్తుంటే భర్త ఒక కొమ్మను కాలితో పక్కకు నెట్టి, "నీ ఉద్యోగంలో జీతం పిసరంత, చెత్త మాత్రం ఇంటినిండా" అన్నాడు. అత్తగారు నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే "ఏం, మూతి ముడిచావు?" అన్న ప్రశ్న వస్తుంది. దానికి సరైన జవాబేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

కుడిచేతి చిటికెనవేలు సరిగ్గా వంగదు కాబట్టి కత్తెర నెమ్మదిగానే నడిచింది. సొరుగులో పడి నలిగిందని బడిలో చెప్పింది. ఆయన కొట్టడు. పెళ్ళాం మీద చెయ్యెత్తని మనిషినని నలుగురిలో గర్వంగా చెప్పుకుంటాడు కూడా. తలుపు గడియ పెట్టి, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "మాట్లాడుకుందాం" అంటాడు. ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుంటాడు. జవాబు నచ్చనప్పుడల్లా వేలు వెనక్కి వంగుతుంది. మొదటిసారి ఏడుస్తూ అత్తగారితో చెప్పుకుంటే, "పెదవి దాటితే పృథివి దాటుతుంది. మింగేసెయ్" అంది ఆవిడ. ఆవిడ వేళ్ళూ తిన్నగా లేవన్న సంగతి కోడలు చాలా ఆలస్యంగా గమనించింది.

మర్నాడు జరిగేది తల్లిదండ్రులు కూర్చుని చూసే పాఠం. పుస్తకంలో దాని పేరు ఉష్ణమండల వర్షారణ్యాలు. మూడో తరగతి నాలుకలకు అది తిరగదని ఆమె "వాన వదలని అడవి" అని పేరు పెట్టుకుంది. భర్తను మాటవరసకు పిలిస్తే, "నాకేం పనీపాటా లేదనుకున్నావా?" అన్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

పొద్దున గది నిండా అట్టచెట్లు నిలబడ్డాయి. అరచేతులు రుద్దితే తుంపర, చిటికెలు వేస్తే చినుకులు, తొడలు చరిస్తే జడివాన. పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్న తల్లులు కూడా సిగ్గు మరచి తొడలు చరిచారు. ఆ తర్వాత చిరుత ఆట. పిల్లలంతా చిలుకలూ కోతులూ కప్పలూ. చుక్కల గౌను తొడుక్కొచ్చిన పిల్ల చిరుతై బల్ల కింద దాక్కుంది. టీచరు కుర్చీ ఎక్కి పైకొమ్మ మీది పిట్ట అయింది.

"పైనున్న పిట్టకు చిరుత ముందు కనిపిస్తుంది. నా కూత ఆగిందంటే అందరూ గప్‌చుప్. చిరుత ఎక్కడుందో కళ్ళతో వెతకాలి, సరేనా?"

గది దద్దరిల్లింది. ఆమె కూ, కూ అంటూనే ఉంది. తన గొంతు అంత పైకి లేస్తుందని ఆమే మరచిపోయింది. ఆ అరుపు ఆమెకు ఎంత బాగుందో.

అప్పుడు తలుపు దగ్గర భర్త కనిపించాడు.

కూత ఆగిపోయింది. ఆమె కావాలని ఆపలేదు. అడవంతా ఒక్కసారిగా నోరు మూసుకుని, టీచరు చూపు వెంట తలుపు వైపు తిరిగింది.

"టీచర్, చిరుత నేను కదా," అంది చుక్కల గౌను పిల్ల బల్ల కింద నుంచి తల బయటపెట్టి, తనకేదో అన్యాయం జరిగినట్టు.

"మరి టీచరు ఆయన్ని చూసే ఆగారు," అంది ఒక్కచోట కుదురుండదని అందరూ ఉడుత అని పిలిచే పిల్ల.

తల్లులు నవ్వారు. ఆయనా నవ్వి, చేతులు పంజాల్లా ఎత్తి గుర్రుమన్నాడు. గది గొల్లున నవ్వింది. వెనక గోడ దగ్గర నిలబడి పాఠం చూస్తున్న పెద్ద టీచరు మాత్రం నవ్వలేదు. ఆవిడ కుర్చీ మీది మనిషి మొహంకేసే చూస్తోంది.

పాఠం ముగిసేదాకా ఆయన చక్కగా కూర్చున్నాడు, చప్పట్లు కొట్టాడు. అందరూ లేస్తున్నప్పుడు దగ్గరికొచ్చి, ఆమెకు మాత్రమే వినపడేలా, "నలుగురిలో నన్ను మృగాన్ని చేశావు. గేటు దగ్గరుంటా. ఇంటికి పద, మాట్లాడుకుందాం" అన్నాడు.

గది ఖాళీ అయింది. ఆమె కాగితం ఆకులు ఒక్కొక్కటే ఏరుతోంది. ఎంత నెమ్మదిగా ఏరినా అవి అయిపోతున్నాయి. ఎవరితోనైనా చెబితే? నమ్మకపోతే? నమ్మి, మొగుడూ పెళ్ళాల గొడవలు మనకెందుకంటే? రేపు ఉద్యోగం కూడా పోతే? ఇంటికి వెళ్ళాలంటే ఎంత భయమో, నోరు విప్పాలన్నా అంతే భయం. బొటనవేలూ చూపుడువేలూ సుద్దముక్క పట్టుకోవడానికి కావాలి, మధ్యవేలు కూడా కావాలి, ఉంగరపు వేలైతే పోయినా ఎలాగోలా నెట్టుకురావచ్చు అనుకుంది. అనుకున్నాక, తాను ఏం లెక్క వేస్తోందో అర్థమై ఒళ్ళంతా చల్లబడిపోయింది. ఏ వేలు ఇవ్వాలా అని బేరం తేల్చుకుని మరీ ఇంటికి బయలుదేరుతోంది.

పెద్ద టీచరు తాళంచెవితో గుమ్మంలోకి వచ్చి, "ఇంకా వెళ్ళలేదేంటమ్మా? ఆయన బయట చూస్తున్నారు," అంది.

గేటు దగ్గర్నుంచి ఆయన చెయ్యి ఊపాడు.

ఆమె ఏరిన ఆకులు బల్ల మీద పెట్టేసింది. మొదటిమాట బయటికే రాలేదు. మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి గేటు దాకా వినపడేంత గట్టిగా అంది.

"తాళం వెయ్యకండి మేడం. ఆయనతో ఇంటికి వెళ్ళాలంటే నాకు భయం. నేను వెళ్ళను."