ఎర్ర దారం

పూల ప్రదర్శనలో మొదటి బహుమతి గెలిచిన ఆర్కిడ్ ముందు ఆమె నిలబడింది. మొక్కల తనిఖీ ఆమె ఉద్యోగం. పక్కన ఆమె పై అధికారి. ఎదురుగా నర్సరీ యజమాని, మొహమంతా నవ్వే. ఆ నవ్వు చూసేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఏడాది కిందట ఈ పెద్దమనిషే, "అడవిలో ఆర్కిడ్లు దొంగిలించి అమ్ముకుంటున్నది మీ గార్డే" అని అటవీ శాఖవాళ్ళ చెవిలో ఊదాడు. ఆ గార్డు ఆమె అన్నయ్య. ఉద్యోగం ఊడింది. అప్పటినుంచి ఆయన గడప దాటలేదు. దొంగేమో దొరలా తిరుగుతున్నాడు.

అన్నయ్యకొక పిచ్చి ఉండేది. గాలివానకు చెట్టు మీంచి ఊడిపడిన ఆర్కిడ్‌ను మళ్ళీ కొమ్మకే కట్టేవాడు. దారం కోసం యూనిఫాం అంచు పీకేవాడు. కుట్టి కుట్టి విసిగిపోయి, సిగ్గుపడైనా మానేస్తాడని ఆమె ఖాకీ చొక్కా అంచును ఎర్ర దారంతో కుట్టింది. అయినా పీకాడు మహానుభావుడు. వేర్లు పెరిగి ఆ దారాన్ని మింగేసేవి.

"అడవిలోంచి తెచ్చి అమ్మితే జైలని తెలుసుగా?" తీయగా అడిగింది.

"ఎంత మాటమ్మా! ల్యాబ్ సీసాలో మొలిచింది, కుండీలో పెరిగింది. అంతా నా చేతుల మీదే."

"చెట్టుకు కట్టి పెంచారేమో?"

"అబ్బే, దారప్పోగు కూడా తగల్లేదు!" అందరికీ వినబడేలా అన్నాడు.

ఆమెకు కావలసింది అదే. కత్తెర తీసి, కుండీలో బెరడు ముక్కను అల్లుకున్న వేర్లను ఒక్కొక్కటే కోసింది. తొందరపడలేదు. వాడి మొహం పాలిపోవడం తీరిగ్గా చూసింది. వేర్ల అడుగున ఎర్ర దారం బయటపడింది, అన్నయ్య వేసే జంట ముడితో సహా.

"ఇది... ఎవడో తెచ్చిస్తే కొన్నానమ్మా!"

"ఇందాక మీ చేతుల మీదే పెరిగిందిగా?"

అధికారి నర్సరీ తాళాలు అడిగాడు. వాడు ఆమెకు దండం పెట్టాడు. ఆమెకు కడుపు నిండింది.

బయటికొచ్చి అన్నయ్యకు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"వేర్లు కోశావా?" అన్నాడు.

"కోశాను. వాణ్ణి పట్టుకోవాలంటే తప్పలేదు."

ఫోన్‌లో చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు.

"నర్సరీలో మిగతావాటిని ఎండలో పెట్టనివ్వకు, నేనొస్తున్నా. నా ఖాకీ చొక్కా ఎక్కడ పెట్టావే?"

"బీరువాలో ఉందన్నయ్యా. అంచు కుట్టే ఉంచాను."