మైనస్ నాలుగు

కంటి చుక్కల మందు సాయంత్రం లారీ ఎక్కాలి. ల్యాబ్‌లో ఆమెకి మాత్రం తెర మీది రెండు అంకెలు ఎంతకీ పొసగడం లేదు. లేజర్ వెలుగులో మందులోని రేణువులు ఎంత చురుగ్గా కదులుతున్నాయో చూసి మెషీన్ వాటి సైజు చెప్తుంది: నూట ఎనభై నానోమీటర్లు. బంగారంలా ఉంది. కరెంటు పెట్టినప్పుడు ఎంత వేగంగా పరుగెత్తాయో చూసి చార్జ్ చెప్తుంది: మైనస్ నాలుగు మిల్లీవోల్టులు. ఎప్పుడూ మైనస్ ముప్ఫై దాటేది. చార్జ్ గట్టిగా ఉంటేనే రేణువులు ఎడమొహం పెడమొహంగా ఉంటాయి. ఇంత తక్కువైతే అతుక్కుపోయి గడ్డలు కట్టాలి కదా, మరి ఇవెందుకు బుద్ధిగా విడివిడిగా ఉన్నాయి?

చార్జ్ కొలిచింది తను. సైజు కొలిచింది బావ. అక్క మొగుడు, ఈ ల్యాబ్‌కి పెద్ద, తనకు ఉద్యోగం వేయించినవాడు. సైజు కొలిచేటప్పుడల్లా తనను ఏదో పని మీద బయటికి పంపిస్తాడు. ఇన్నాళ్లూ అది తట్టనే లేదు.

"బావా, ఇంకోసారి సైజు చూద్దామా? నా ముందు."

"ఏంటి, సీఐడీలో చేరావా?" నవ్వాడు బావ. కళ్లు నవ్వలేదు.

సీసాలోంచి సిరంజిలోకి మందు లాగాడు. చెయ్యి దానంతటదే సొరుగులోకి వెళ్లి, గుండ్రటి ఫిల్టర్ తీసి సిరంజి మూతికి బిగించింది.

ఆమె ఫిల్టర్ వైపు వేలు చూపింది. "అదెందుకు?"

"దుమ్ముంటే లెక్క తప్పుతుంది. అందరూ చేసేదే."

"దుమ్ముతో పాటు గడ్డలు కూడా అందులోనే ఆగిపోతాయిగా. అది తీసేసి పొయ్యి."

"నీకు ఉద్యోగం ఇప్పించింది ఎవరనుకుంటున్నావ్?"

"నువ్వే. అందుకే నిన్నే అడుగుతున్నా."

బావ కదల్లేదు. ఆమే ఫిల్టర్ ఊడదీసి, మందు గాజు గొట్టంలో పోసి మీట నొక్కింది. తెర మీద గీత పాత చోట, నూట ఎనభై దగ్గర, కొంచెమే లేచింది. కుడివైపు చివర, పదింతల సైజు దగ్గర, కొండలా లేచి నిలబడింది.

"దుమ్మే అయ్యుంటుంది," అన్నాడు బావ, తెర వైపు చూడకుండానే.

"ఇది నా కంట్లో వేస్తావా?"

బావ సొరుగు మూసేశాడు.

ఆమె గోడౌన్‌కి ఫోన్ చేసి లారీ ఆపమంది. అవతలివాడు ఎవరు చెప్పారని అడిగాడు.

"నేనే," అంది.

బావ కుర్చీలో కూలబడ్డాడు. "మీ అక్కకి ఏం చెప్తావ్?"

"నువ్వే చెప్పు బావా. నేను చెప్తే నమ్మదు."