తెల్ల కాగితం రోజు

నలభైరెండో మెట్టు దగ్గర దుమ్మాయన కమ్మీ పట్టుకుని ఆగాడు. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ ఇనుప టవరుకు అరవై నాలుగు మెట్లు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా రోజూ పొద్దున్నే పైకెక్కి, గాలిని లాగే మోటారు పెట్టెలోంచి దుమ్ము పట్టిన నిన్నటి కాగితం తీసి కొత్తది బిగించడం ఆయన పని. వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చిన్నా పెద్దా అందరికీ దుమ్మాయనే.

పొద్దుటి నుంచీ గుండెల మీద ఎవరో అదిమి పట్టినట్టుంది. ఇంట్లో చెప్పలేదు కానీ, భార్య మొహం చూసే పసిగట్టింది.

“ఒక్కరోజు మానేస్తే మబ్బులేమన్నా అలుగుతాయా?”

“ఎడారి దుమ్ము వచ్చే రోజే ఇది. ఇన్నేళ్ల లెక్కలో ఒక్క రోజూ ఖాళీ లేదు. ఇవాళే పడాలా?”

“ఇంట్లో బల్ల మీద దుమ్ము తుడవమంటే మాత్రం చేతులు రావు,” అంటూనే ఆవిడ మంచినీళ్ల సీసా చేతికిచ్చింది.

ఆయనకు ఆ దుమ్మంటే గౌరవం. సముద్రం అవతలి ఎడారి నుంచి వేల మైళ్లు వస్తుంది. మబ్బులో నీటిచుక్క పుట్టాలంటే పట్టుకోవడానికి ఒక నలుసు ఉండాలనీ, నలుసులు మరీ ఎక్కువైతే ఉన్న నీళ్లు అన్నిటికీ పంపకమై చుక్కలు చిన్నవైపోయి వాన పడకపోవచ్చనీ, ఎండకు అడ్డుపడి ఆ దుమ్ము సముద్రాన్ని కూడా చల్లబరుస్తుందనీ ఆఫీసు మేడమ్ చెప్పింది. “అంటే మబ్బులకి పీటలేసేది ఇదన్నమాట,” అన్నాడాయన. మేడమ్ ఆ మాట తలుచుకుని నెలరోజులు నవ్వింది. ఆమె లెక్కలన్నీ ఆయన కాగితాల మీదే నడిచేవి.

నెలకొకసారి తెల్ల కాగితం రోజు. ఆ రోజు కాగితం బిగించి, పైమూత తియ్యకుండా, మోటారు వెయ్యకుండా మళ్లీ విప్పెయ్యాలి. బిగించే చేతి నుంచి ఎంత మురికి అంటుతోందో తెలుసుకోవడానికి. ఆయన కాగితం మీద ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. జీవితంలో ఆయన గొప్పగా చెప్పుకున్నది అదొక్కటే.

ఎలాగో పైకి చేరాడు. సముద్రం మీద ఆకాశం ఇటుక పొడి రంగుకు తిరిగింది. కొత్త కవరు మీద తేదీ వేసి, అందులోని కాగితాన్ని అంచులతో పట్టుకుని పెట్టి, నాలుగు మరలూ బిగించాడు. ఇక మూత తీసి స్విచ్చి వెయ్యడమే. కాస్త ఆయాసం తగ్గనిద్దామని పెట్టెకు వీపు ఆనించి కూర్చున్నాడు. సీసా పక్కనే పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం మేడమ్ వెతుక్కుంటూ పైకి వచ్చేసరికి ఆయన చొక్కా మీదా, కనురెప్పల మీదా ఎర్రటి దుమ్ము పేరుకుని ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది. మోటారు చప్పుడు లేదు.

వారం తర్వాత ఆయన వస్తువులు తీసుకెళ్లడానికి భార్య వచ్చింది. చెప్పులు, కళ్లజోడు, నీళ్లు తగ్గని సీసా.

“ఖాళీ పడలేదు కదమ్మా?” అని అడిగింది.

అబద్ధం చెబుదామనుకుంది మేడమ్. ఆయన కాగితం విషయంలో నోరు రాలేదు. “దుమ్ము లెక్క దొరకలేదమ్మా. కానీ కాగితం బిగించే వెళ్లారు. తెల్ల కాగితం రోజని రాశాను,” అంది. ఆ పైన ఏడుపు ఆపుకోలేకపోయింది.

కాగితాన్ని దాని కవరులోనే పెట్టి ఆవిడ చేతికిచ్చింది. ఇంట్లో బల్ల మీద ఆనాటి ఎర్ర దుమ్ము ఇంకా అలాగే ఉంది. ఆవిడ తుడవలేదు. ఆ దుమ్ములోనే కవరు పెట్టింది. పైన ఆయన గుండ్రటి అక్షరాలతో ఆ రోజు తేదీ, లోపల నలుసైనా అంటని తెల్ల కాగితం.