నీడ కొట్టిన తోటలు

2000 ఫిబ్రవరి 12, శనివారం ఉదయం ఎనిమిదింటికి హేమలత ఊళ్లోకి వచ్చేసరికి, పన్నెండు కాఫీ తోటల్లో తొమ్మిదింటి నీడచెట్లకు కొమ్మలు కొట్టేసి ఉన్నాయి. హుకుంపేట దగ్గరి ఆ కొండ మీద వానల ముందు తప్ప ఎవరూ నీడ కొట్టరు.

హేమలత విశాఖలో పరిశోధన చేస్తోంది. ఉపగ్రహం తీసిన చిత్రాన్ని బట్టి, చదరపు మీటరు నేల మీద ఎన్ని చదరపు మీటర్ల ఆకు ఉందో అంచనా కట్టడం ఆమె పని. కింద తాను కొలిచిన అంకెకు ఉపగ్రహ చిత్రంలోని అంకెను జతచేసి, తోటకొక చుక్క పెట్టి, చుక్కల గుండా గీత గీయాలి. జనవరిలో తోటల అంకెలన్నీ నాలుగుకూ అయిదుకూ మధ్యే వచ్చాయి. చుక్కలన్నీ ఒక మూల ముద్దగా పడ్డాయి. పలచని తోటలు లేకపోతే గీత రాదని, ఈసారీ ఇంతే అయితే ఆ అధ్యాయం తీసేయాల్సిందేనని గైడు చెప్పేశాడు. ఉపగ్రహం మళ్లీ వచ్చేది ఆదివారం పదిన్నరకు.

జనవరిలో కొలిచినదంతా మట్టిగొట్టుకుపోయిందనుకుని ఆమె గట్టు మీద కూలబడింది. ఆ తోటల్లో ఒకదాని యజమాని దేముడమ్మ కత్తి పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది.

"పైనుండి సూత్తాదన్నావు కదమ్మా. సిల్వర్ ఓకు సెట్లు అడ్డుంటే కింద కాపీ ఎలా అగుపిత్తాది? అందుకే బేగి కొట్టేసినాం. తప్పు సేసినామా?"

ఎవరెవరు ఎంత కొట్టారని హేమలత అడిగింది. దేముడమ్మ మొత్తం కొట్టించింది. సోంబరు సగం కొట్టాక చెయ్యి పీకి దిగిపోయాడు. మంగ్లు మిరియాల తీగ ఎక్కిన చెట్లు వదిలేశాడు. పోలయ్య అసలు ఒక్క చెట్టూ ముట్టలేదు.

"ఆ సదువుకునే గుంట ఏదో సెప్పిందని కత్తులట్టుకుని సెట్లెక్కేసినారు," అన్నాడు పోలయ్య. "అంతెత్తునున్నదానికి నీ కాపీగింజ కావాలేటి, దేముడమ్మా?"

హేమలత నవ్వడం మొదలుపెట్టింది. బోడివి, సగం బోడివి, దట్టమైనవి, గీతకు కావలసినవన్నీ ఒకే కొండ మీద ఉన్నాయి.

"పెద్దమ్మా, ఇంకొక్క కొమ్మ కూడా కొట్టొద్దు. రేపు పదిన్నర దాకా ఎవరి తోట వాళ్లే కాపలా కాయాలి," అంది.

ఆ సాయంత్రం ఆరు తోటలు, తెల్లారి ఆరు తోటలు కొలిచింది. కెమెరా నేల మీద పెట్టి, వెడల్పాటి లెన్సు ఆకాశానికి తిప్పి ఫొటోలు తీసింది. పదిన్నరకు ఊరంతా తోటల్లో నిలబడి పైకి చూసింది. మబ్బు లేదు. దేముడమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది.

చిత్రం మార్చి 2న చేతికందింది. పచ్చదనాన్ని ఎరుపులో చూపే ఆ చిత్రంలో దేముడమ్మ తోట లేత గులాబీ రంగులో విడిగా తేలింది. ఆ ఆదివారం హేమలత దాన్ని ఊరికి తెచ్చింది. దేముడమ్మ దాన్ని ఇల్లిల్లూ తిప్పింది.

తోటల అంకెలు 1.4 నుంచి 4.8 దాకా వచ్చాయి. పన్నెండు చుక్కల్లో పదకొండు గీతను ఆనుకుని పడ్డాయి. మార్చి 8న గైడు అధ్యాయం మీద సంతకం చేశాడు.